కొరత పనికి కాదు, పోస్టులకు
పట్టణ ప్రణాళిక (ప్లానింగ్) చదివినవారికి హైదరాబాద్ దాటితే అవకాశాలే లేవని ఒక వ్యాసకర్త రాసిన మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. పట్టణాల్లో తాగునీరు, మురుగునీటి వసతుల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం తొలి జాబితాలోనే నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ఉన్నాయి కాబట్టి పట్టణ ప్రణాళికకు సంబంధించిన పని ఇక్కడా ఉంది, కొరత పోస్టులకే. 2022లో తెలంగాణలో 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ (పట్టణాల్లో భవన నిర్మాణాలను పర్యవేక్షించే ఉద్యోగి) కొలువులు ప్రకటించినప్పుడు సివిల్ ఇంజినీరింగ్ డిప్లొమా వారూ అర్హులే కావడంతో, ప్లానింగ్ పట్టా ఉన్న మా అన్న కొడుకు వారందరితోనూ పోటీ పడవలసి వచ్చింది (అది అన్యాయమని నేను అనను). అయినా ప్లానింగ్ తెలిసినవారి అవసరం ఇక్కడ ఉంది: లేఅవుట్ డ్రాయింగులు గీసే నా అనుభవంలో, ఎకరానికి ఎన్ని ప్లాట్లు వస్తాయో లెక్క తేల్చేవారు ఎందరో దొరుకుతారు గానీ, చెరువు అలుగు పారితే నీరు ఎటు పోతుందో ముందే చూసి రోడ్డు గీతను మార్చేవారు మా నల్గొండ చుట్టుపక్కల ఒకరిద్దరికి మించి కనిపించలేదు.