కోళితోడు పారితేనే వరి

శబరిమల వెళ్లే తెలుగు స్వాములకు చెంగన్నూరు స్టేషన్ కొత్త కాదు. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో, పంపా నది ఒడ్డున ఉంది ఆరన్ముల. మండల పూజకు అయ్యప్పకు వేసే బంగారు అంగీ ఊరేగింపు బయలుదేరేది ఈ ఊరి పార్థసారథి గుడి నుంచే. ఇక్కడి వరి పొలాల్లో రూ.2,000 కోట్లతో ప్రైవేటు విమానాశ్రయం కడతామని ఒక కంపెనీ ముందుకొచ్చినప్పుడు గల్ఫ్ ఉద్యోగులతో పాటు మన స్వాముల పేరూ చెప్పింది.

ఆ విమానాశ్రయం రాలేదు. 2016 అక్టోబరులో ముఖ్యమంత్రి పినరయి విజయన్ స్వయంగా వచ్చి ఆ పొలాల్లో విత్తనాలు చల్లారు. రైతు గెలిచాడని అప్పట్లో అందరూ రాశారు. గెలిచిన మాట నిజమే. అయితే విమానాశ్రయానికి మొదట పచ్చజెండా ఊపిందీ వామపక్ష ప్రభుత్వమే, దాన్ని ముందుకు తోసింది కాంగ్రెస్ కూటమి. కవయిత్రి సుగతకుమారి లాంటివాళ్లు రోడ్డెక్కకపోతే ఈ రెండు పక్షాలకూ పొలాలు గుర్తొచ్చేవని మేము అనుకోవడం లేదు.

చివరికి ప్రాజెక్టును ఆపింది కాగితాలే. ప్రజాభిప్రాయ సేకరణలో, పర్యావరణ ప్రభావ నివేదికలో లోపాలు చూపి 2014 మేలో పర్యావరణ కేసులు వినే హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచ్ పర్యావరణ అనుమతిని కొట్టేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ప్రజాభిప్రాయ సభలో ఎవరేమన్నారో సరిగ్గా రాయడం చాలామంది అధికారులకు తంతు. ఇక్కడ ఆ తంతే వేల కోట్ల ప్రాజెక్టును బోల్తా కొట్టించింది.

కానీ తీర్పు వచ్చినంత మాత్రాన మడిలో వరి పండదు. ఈ పొలాల నీటిని పంపాకు చేర్చే కాలువ పేరు కోళితోడు. మలయాళంలో తోడు అంటే చిన్న కాలువ. విమానాశ్రయం కంపెనీ రాకముందే, పొలాలు కొన్న మరొకరు దాన్ని మట్టితో పూడ్చేశారు. దాంతో ఎగువ పొలాల్లో నీరు నిలిచిపోయి సాగు దెబ్బతింది. కాలువను మళ్లీ తవ్వాలని కోర్టు చెప్పినా పని నత్తనడకన సాగింది. మట్టి పోయడానికి పట్టినంత టైమ్ తీయడానికీ పడుతుందనుకుంటే పొరపాటే. దానికి లాభం చూసుకునే కాంట్రాక్టరు ఉంటాడు, దీనికి ఎవరున్నారు?

2018 ఆగస్టు వరదల్లో పంపా పొంగి ఆరన్ముల మునిగింది. అదే వరదలో, ఒకప్పటి వరి పొలాల మీద కట్టిన కొచ్చి విమానాశ్రయం రెండు వారాలు మూతపడింది. ఆరన్ములలో రన్‌వే కోసం ఇంకొన్ని వందల ఎకరాలు మట్టితో నింపి ఉంటే ఆ నీరు ఎవరి ఇళ్లలోకి వెళ్లేదో ఊహించడం కష్టం కాదు.

అయినా ఆశ చావలేదు. 2025లో అదే భూమిలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ప్రతిపాదన వచ్చింది. అది చిత్తడి నేల, ఇవ్వడానికి వీల్లేదని వ్యవసాయ శాఖ అభ్యంతరం చెప్పింది. మంచిదే. ఆ శాఖ ఇంకో అడుగు వేయాలి. పూడ్చిన నేల అంతా ఇంకా మడిగా మారలేదు కాబట్టే ఇలాంటి ఫైళ్లు కదులుతున్నాయి. మిగిలిన మట్టి తీయడానికి కేరళ ప్రభుత్వం వచ్చే వానాకాలం లోపే టెండరు పిలవాలి. ఆ ఖర్చును మట్టి పోసినవాళ్ల దగ్గరే వసూలు చేయాలి.