లక్క ఇంట్లో మౌత్ ఆర్గాన్

ఆదివారం ఉదయం పదిన్నర. టిఫినైంది, పేపరైంది. రికార్డులు పోగుచేసే జబ్బున్న మనిషికి వారంలో ఇంతకంటే గండం గడియ లేదు. మన పెద్దమనిషి బల్ల మీద పాత తువ్వాలు పరిచాడు. దాని మీద 10 అంగుళాల 78 రికార్డు, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు ప్లేటు, పక్కన దూదిచుట్ట, మందుల డబ్బాలోంచి లేపుకొచ్చిన సర్జికల్ స్పిరిట్ సీసా.

రికార్డు ఆషామాషీది కాదు. 1938లో మౌత్ ఆర్గాన్ వాయించే లారీ ఆడ్లర్ పారిస్ వెళ్లి, గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్, వయొలినిస్టు స్టెఫాన్ గ్రాపెల్లిల హాట్ క్లబ్ దళంతో కూర్చుని నాలుగు పాటలు వాయించాడు. వాటిలో రెండు ఈ ప్లేటు మీద ఉన్నాయి, ఇటొకటి అటొకటి. జాజ్‌లో మౌత్ ఆర్గాన్ వెతికేవాళ్లకి ఇది కాశీ నుంచి వచ్చిన గంగచెంబు లాంటిది.

మొదటి దూది నల్లబడింది. "ఎన్నేళ్ల మురికో!" అని మురిసిపోయాడు. రెండోది ఇంకా నల్లబడింది, మురిపెమూ పెరిగింది. నాలుగో దూది దగ్గర గానీ వెలగలేదు, ఊడి వస్తున్నది మురికి కాదు, రికార్డేనని. అప్పటికి నల్లద్రాక్షలా మెరవాల్సిన ముఖం బూడిద రాసిన పలకలా తయారైంది.

"ఏమండీ, స్పిరిట్ వాసనేంటి? ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని వంటింట్లోంచి అడిగారు ఆవిడ.

తగిలింది. 1938కి తగిలింది.

కారణం చిన్నది. 78 రికార్డుని గట్టిగా పట్టి ఉంచేది లక్క. మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద బతికే పురుగు కార్చే జిగురే అది. దానికి రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చులో నొక్కితే రికార్డు తయారవుతుంది. లక్క నీళ్లకి కరగదు, స్పిరిట్‌కి ఇట్టే కరుగుతుంది. వడ్రంగులు తరతరాలుగా చేసేదదే: లక్క బిళ్లలు స్పిరిట్‌లో నానేసి, ఆ ద్రావకాన్ని గుడ్డతో కుర్చీలకి పట్టిస్తారు. మన పెద్దమనిషీ ఆ పాలిషే చేశాడు, కాకపోతే రికార్డుని కరిగించి దూదికి పట్టించాడు. లక్క ఇంటి సంగతి చెవిలో వెయ్యడానికి పాండవులకైతే విదురుడున్నాడు. ఈయనకున్నది స్పిరిట్ సీసా ఒక్కటే.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, తర్వాతి కాలపు ప్లాస్టిక్ రికార్డులకి, అంటే వినైల్ ఎల్పీలకి, నీళ్లు బాగా కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు, దానికేం కాదు. చెయ్యి ఆ అలవాటులో ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఏదో తెలియకపోతే అంచుని గోటితో తట్టాలి. లక్కది పింగాణీ పళ్లెంలా టింగుమంటుంది, వినైల్‌ది అట్టలా డబ్‌మంటుంది. రెండోది పట్టుకోగానే కొద్దిగా వంగుతుంది కూడా. మొదటిది వంగదు, విరుగుతుంది.

సరైన పద్ధతికి పెద్ద ఖర్చేమీ లేదు. లీటరు డిస్టిల్డ్ వాటరు, అందులో రెండు మూడు చుక్కలు వాసన లేని గిన్నెల సబ్బు. మెత్తటి బ్రష్షుని గాడి తిరిగే దారిలోనే తిప్పాలి, గాడికి అడ్డంగా కాదు. లేబులు తడవకుండా ఒక ప్లాస్టిక్ మూత బోర్లించి వేలితో నొక్కి పెట్టాలి. తడిసిన లేబులు రంగు వదిలిందా, అది ఎవరి రికార్డో చెప్పే ఆధారం పోయినట్టే. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరనివ్వాలి. కొలంబియా కంపెనీ వాళ్ల పొరల రికార్డులకి లోపల కాగితం ఉంటుంది. వాటి అంచు పెచ్చు లేచి ఉంటే ఆ మేర నీళ్లు తగలనివ్వకండి, కాగితం ఉబ్బి పూరీ పొంగినట్టు పొంగుతుంది.

ఇంకో ముచ్చట. ఈ లక్కలో చాలా భాగం మన దేశం అడవులదే. ఇక్కడి చెట్ల మీద పుట్టి, ఓడెక్కి, అక్కడ జాజ్ పాటై, మళ్లీ కొరియర్ ఖర్చులతో ఇక్కడికే పుట్టింటికొస్తుంది, దూదికి అంటుకోవడానికి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క సరఫరాకి కటకట రాగానే అమెరికా 1942లో రికార్డులకి దాని వాడకాన్ని తెగ్గోసింది. పాత రికార్డులు పోగుచేయించి, నూరి, కరిగించి కొత్తవి పోశారు. అందుకే యుద్ధకాలపు ప్లేట్లలో బుసబుస కాస్త ఎక్కువ. దాన్ని శుభ్రం చేసి వదిలించాలనుకోవడం, నల్లసేనపు రాయిని తోమి తెల్లగా చెయ్యాలనుకోవడం లాంటిది.

ఇంతకీ ఆ రికార్డు ఇంటికి చేరడానికి ముందే మూడు బోల్తాలు పడ్డాయి. అన్నీ పేరు దగ్గరే. చుట్టాల్లో ఎవరికి చెప్పినా "హార్మోనికా" అన్నది చెవిలో "హార్మోనియం" అయి దిగుతుంది. ఒక పెద్దాయనైతే ఫోన్ చేసి, శ్రీరామనవమి నాటకానికి పెట్టె అద్దెకిస్తారా అని అడిగాడు. ఆడ్లర్‌కి కూడా హార్మోనికా అన్న మాట గిట్టేది కాదట, తన వాయిద్యాన్ని మౌత్ ఆర్గాన్ అనే అనేవాడు. మన వీధుల్లో పిల్లలు అనేదీ అదే. ఆ లెక్కన మనమే ఆయన దారిలో ఉన్నాం.

జర్మనీ అంగడిలో "హార్మోనికా" అని వెతికితే వచ్చేవాటిలో సగం అకార్డియన్లు. వాళ్ల భాషలో ఆ మాట తిత్తి లాగి వాయించే పెట్టెకీ చెల్లుతుంది. మనకి కావలసింది "ముండ్‌హార్మోనికా", అంటే నోటితో వాయించేది. డచ్చి వాళ్ల దగ్గరా ఇదే పేచీ, అక్కడ "మొండ్‌హార్మోనికా" అనాలి. ఆ ముందున్న రెండక్షరాలు ఎగిరిపోయినందుకు ఒక చలికాలం పెట్టెడు పోల్కా పాటలు ఇంటికొచ్చాయి. ఇంగ్లీషులో ఇంకో రకం: బ్లూస్ వాళ్లు మౌత్ ఆర్గాన్‌ని "హార్ప్" అంటారు. జాజ్‌లో అదే మాటతో వెతికితే డొరొతీ యాష్‌బీ రికార్డు దొరుకుతుంది. అద్భుతమైన రికార్డే, కానీ ఆవిడ వాయించేది మనిషెత్తు తీగల హార్పు.

అన్నిటికంటే నున్నగా జారేది మాత్రం టూట్స్ టీలెమాన్స్ పేరు మీదే. జాజ్ మౌత్ ఆర్గాన్ అనగానే ముందు నాలుక మీదికొచ్చే పేరది. 1922లో బ్రస్సెల్స్‌లో పుట్టాడు. ఆయన పేరు కనపడితే కళ్లు మూసుకుని కొనేయొచ్చు అనుకుంటారు. కళ్లు తెరిచే కొనాలి. ఆయన గిటారిస్టు కూడా. పియానిస్టు జార్జ్ షియరింగ్ అయిదుగురి దళంలో ఉన్న ఏళ్లలో ఆయన చేతిలో ఎక్కువగా ఉన్నది గిటారే. పైగా గిటారు మీటుతూ అదే వరస ఈలలో వేసేవాడు. ఈలా గిటారూ మాత్రమే ప్రచారం చేసుకున్న ఎల్పీ ఒకటుంది. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఎవరు ఏం వాయించారో రాస్తారు, డబ్బు కట్టేముందు అది చదవాలి. కళ్లు మూసుకుని కొనదగ్గ ఒక్కటి చెప్పమంటే 1958 నాటి రివర్‌సైడ్ కంపెనీ ఎల్పీ "మ్యాన్ బైట్స్ హార్మోనికా". పెపర్ ఆడమ్స్ బారిటోన్ శాక్సు ఏనుగులా నడుస్తుంటే దాని చెవి పక్కన ఈ మౌత్ ఆర్గాన్ పిచ్చుకలా ఎగురుతుంది. కెనీ డ్రూ పియానో, విల్బర్ వేర్ బాసు, ఆర్ట్ టేలర్ డ్రమ్స్. పాత అచ్చుకి ధర చెల్లించే స్థోమత లేకపోతే తర్వాత వచ్చిన పునర్ముద్రణ చాలు, వినపడేది అదే పాట. అట్ట మీద ఓజేసీ (ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్) అన్న అక్షరాలుంటే అది పునర్ముద్రణే. అమ్మేవాడు "ఒరిజినల్" అన్న మాట వాడేది ఆ సిరీస్ పేరులోని "ఒరిజినల్" చూసి కూడా కావచ్చు.

ఇక అమ్మేవాళ్ల గ్రేడింగ్ భాష. అది పెళ్లిళ్ల పేరయ్య భాష. "చామనఛాయ" అన్నాడంటే ఏమిటో, "కాస్త పొడుగు తక్కువ" అన్నాడంటే ఏమిటో మనకి అలవాటే కదా. ఇక్కడ "గుడ్" అంటే గీతలమయం, ఎలాగో చివరిదాకా తిరుగుతుంది అని. "వెరీ గుడ్" అంటే చిటపటలు పాటతో పోటీపడతాయి అని. వినదగ్గ రికార్డు "వీజీ ప్లస్" (వెరీ గుడ్ ప్లస్) దగ్గర మొదలవుతుంది. అదైనా కంటితో చూసి వేసిన మార్కా, వాయించి విని వేసిన మార్కా అని అడగాలి. మౌత్ ఆర్గాన్‌కి ఇది మరీ ముఖ్యం. పాత బరువు ముల్లు కింద అరిగిన గాడి కంటికి మెరుస్తూనే ఉంటుంది, పై స్థాయి స్వరం రాగానే పప్పులో రాయి తగిలినట్టు కరకరమంటుంది. అదీ ఎక్కువగా ఒక్కో వైపు ఆఖరి పాటలో. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లే తిరిగినా, అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పరిగెడితే, లేబులు దగ్గర 21 మాత్రమే. అంతే సంగీతాన్ని సగం కంటే తక్కువ చోటులో కుక్కాలి. సిటీబస్సు ఫుట్‌బోర్డు మీద ఉన్నవాడి పరిస్థితి ఆ ఆఖరి పాటది.

ముల్లు సంగతి చూడండి. 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్స్ మొన కావాలి, అంటే మిల్లీమీటరులో 0.076 వంతు. మోనో ఎల్పీకి 1 మిల్ చాలు. ఎల్పీ ముల్లుతో 78 పెడితే అది గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. పాట ఎక్కడో పైన పోతుంటే మనకి వినపడేది చీపురు చప్పుడు. 78 ముల్లుతో ఎల్పీ పెడితే గాడి గోడలే చెక్కుకుపోతాయి. కొన్ని పాత ప్లేయర్లలో రెండు మొనలూ ఒకే చిన్న మీట మీద ఉంటాయి, మీట తిప్పితే ముల్లు మారుతుంది. ఆ మీట తిప్పడం మరిచిపోవడమన్నది గ్యాస్ కట్టడం మరిచిపోవడం లాంటిది. గుర్తొచ్చేసరికి వాసనొస్తుంది. తాళం తిప్పే గ్రామఫోను ఉన్నవాళ్లు దాని మీద ఎల్పీ అసలు పెట్టొద్దు. ఆ సౌండ్‌బాక్సు బరువు వంద గ్రాములు దాటుతుంది, నేటి ముల్లు మోపేది 2 గ్రాములు. 78కి కూడా ఉక్కు పిన్ను ఒక వైపు వాయించగానే మార్చెయ్యాలి.

చాలామందిని మోసం చేసేది మధ్య చిల్లు. అది నూలుపోగంత పక్కకి పడినా స్వరం ఊగుతుంది. మౌత్ ఆర్గాన్ పొడుగు స్వరంలో ఆ ఊపు వింటే "ఏం వణికించాడండీ" అని తలాడిస్తాం. కళాకారుడు వణికించింది కొంత, చిల్లు వణికించింది కొంత. తేల్చుకోవడం తేలికే. పియానోకి అలా సాగే ఊపు రాదు. అది కూడా ఊగుతుంటే తప్పు చిల్లుదే. ఎల్పీలో 1.8 సెకన్లకొకసారి, అంటే ప్లేటు చుట్టు తిరిగినప్పుడల్లా, లెక్క తప్పకుండా వస్తుంటే ఇక అనుమానమే లేదు. ముల్లు చెయ్యి కుడిఎడమలకి ఉయ్యాలూగడం కంటికే కనపడుతుంది.

దీనికి సరిగ్గా తలకిందులు హార్మోనికాట్స్ అనే మౌత్ ఆర్గాన్ జట్టు కథ. వీళ్ల "పెగ్ ఓ మై హార్ట్" 1947లో పది లక్షలకి పైగా అమ్ముడుపోయింది. శుద్ధ జాజ్ అనను గానీ, ఏ సేకరణలోనైనా ఒక ప్లేటు చేరి తీరుతుంది. మన పెద్దమనిషి అది పెట్టగానే ధ్వని గుంయ్‌మని దూరంనుంచి వచ్చింది. ముల్లు మార్చాడు. వైర్లు మార్చాడు. స్పీకర్లని గోడకి దూరంగా జరిపాడు, తర్వాత దగ్గరగా జరిపాడు. "బాత్రూములోంచి పాడినట్టుందేంటండీ" అన్నారు ఆవిడ. ఆవిడ చెవి సరిగ్గానే ఉంది. చికాగో స్టూడియోలో బిల్ పట్నమ్ అనే ఇంజనీరు, ప్రతిధ్వని కోసం ఆ ధ్వనిని నిజంగానే బాత్రూములోకి పంపి, అక్కడ మోగింది పట్టి రికార్డులో కలిపాడు. కొత్త ముల్లు డబ్బులు అలా బాత్రూములో పోశాం.

అన్నట్టు అప్పట్లో అమెరికా సంగీతకారుల యూనియన్ మౌత్ ఆర్గాన్‌ని వాయిద్యమే కాదు, ఆటబొమ్మ అనేది. యూనియన్ రికార్డింగులు ఆపించిన రోజుల్లో ఆ చిన్నచూపే మౌత్ ఆర్గాన్ వాళ్లకి తలుపు తెరిచింది. బొమ్మకి సమ్మె ఏమిటి?

జేబులో పట్టే ఆ బొమ్మ కోసం ఇంట్లో బీరువా కావలసి రావడమే విచిత్రం. 10 అంగుళాల 78లు వంద పేరిస్తే ఇరవై కిలోలు దాటుతుంది. పడుకోబెడితే కిందివి పగులుతాయి, ఏటవాలుగా ఆనిస్తే వంగుతాయి, నిటారుగా బిగువుగా నిలబెట్టాలి. అలా నిలబెట్టేసరికి ప్లైవుడ్ అర మధ్యలో కుంగింది. దాన్ని బాగుచెయ్యడానికి ఆ ఆదివారమే మేస్త్రీ వస్తానన్నాడు.

పదకొండింటికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, గాలి పీల్చి, బల్లకేసి చూశాడు. దూదులు చూశాడు. ఒకటి తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"లక్క కదా సార్. మేం పూస్తాం, మీరు తీస్తున్నారేంటి?"

పెద్దమనిషి మాట్లాడలేదు.

"ఎమెరీ కాగితం పట్టి, రెండు కోట్లు కొడితే అద్దంలా వస్తది. గంట పని."

పెద్దమనిషి గబుక్కున రికార్డుని గుండెలకి హత్తుకున్నాడు. హత్తుకున్నాక గుర్తొచ్చింది, తడి ఇంకా ఆరలేదని. తెల్ల బనీను మీద గాడులు గాడులుగా గుండ్రంగా పడింది, లేబులు మేర మాత్రం తెల్లగా వదిలేసి.

"వెనకవైపు బాగానే ఉంది," అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. "ముందు ఆ అర సంగతి చూడు మేస్త్రీ."