లూయిస్‌బర్గ్‌లో ఎప్పుడూ 1744 వేసవే

లూయిస్‌బర్గ్ కోట ద్వారం దగ్గర, బూడిదరంగు కోటు సిపాయి వేషం వేసుకున్న మనిషి ఆపి, ఇంగ్లిష్ వాళ్ల గూఢచారివి కాదు కదా అని నిలదీస్తాడు. పిల్లలు కిసుక్కుమంటారు. ఆ అనుమానం ఊరికే రాలేదు లెండి. కెనడాలోని నోవా స్కోషియాలో, కేప్ బ్రెటన్ దీవి మీద 1713లో ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టిన పట్నం ఇది. 1745లో న్యూ ఇంగ్లండ్ సేన పట్టుకుంది, 1748 సంధిలో తిరిగిచ్చేశారు, 1758లో బ్రిటిష్ వాళ్లు మళ్లీ ముట్టడించి గెలిచారు. మూడోసారి ఈ తలనొప్పి వద్దనుకున్నారో ఏమో, 1760లో కోటగోడల్ని పేల్చి పారేశారు.

అంటే ఇప్పుడు కనిపించేది పాత కోట కాదు. 1961లో కెనడా ప్రభుత్వం పని మొదలుపెట్టి, పట్నంలో సుమారు నాలుగో వంతును తిరిగి కట్టించింది. అంతా నకిలీ అని కొట్టిపారేసేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. ఫ్రెంచి గుమాస్తాలు ప్లాన్లు, ఖర్చులు, ఆఖరికి చనిపోయినవాళ్ల ఇళ్లలో ఉన్న సామాన్ల జాబితాలు కూడా రాసిపెట్టారు. రాతిగోడలు పోయాయి, కాగితాలు మిగిలాయి.

నా పేచీ వేరే. ఇక్కడ గడియారం 1744 వేసవి దగ్గర ఆగిపోయి ఉంటుంది. తుపాకులు పేలతాయి, ఫిరంగి మోగుతుంది, బేకరీలో సిపాయిల రొట్టె అమ్ముతారు. ఆ రొట్టె చేతిలోకి తీసుకుంటే ఇటుకంత బరువు. అలాంటిదే ఆరు పౌండ్లది ఒకటిచ్చి నాలుగు రోజులు సరిపెట్టుకోమనేవారట. మనం ఒక ముక్క కొరికి, భలే ఉందే అనుకుని ముందుకెళ్లిపోతాం. కానీ అదే ఏడాది డిసెంబరులో, కుళ్లిన కూరగాయలు, చాలీచాలని జీతాలు భరించలేక, మొదట ఫ్రెంచివాళ్ల కొలువులో ఉన్న స్విస్ సిపాయిలు, వాళ్ల వెనక మిగతావాళ్లు తిరగబడ్డారు. సందర్శకులు వచ్చే కాలం వేసవి, తిరుగుబాటు జరిగింది గడ్డకట్టే చలికాలంలో, కాబట్టి వేషం వేసి చూపించే కథలో ఆ ఆకలికి చోటు దొరకడం కష్టమే.

మేరీ మార్గరీట్ రోజ్ సంగతీ అంతే. గినీ నుంచి బానిసగా తెచ్చిన మనిషి. దాదాపు ఇరవయ్యేళ్లు ఒక అధికారి ఇంట్లో చాకిరీ చేసి, 1755లో విడుదలై, భర్తతో కలిసి ఇదే ఊళ్లో సారాయి దుకాణం పెట్టి, రెండేళ్లకే చనిపోయింది. ఆమెను కెనడా జాతీయ చారిత్రక వ్యక్తిగా గుర్తించింది, మంచిదే. కానీ ఇంకొకరి సొత్తుగా బతకడమంటే ఏమిటో లేసు టోపీ పెట్టుకుని నటించి ఎవరు చూపించగలరు? చూపిస్తే మనం చూడగలమా?

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యంగా అనిపించేది ఇంకొకటి. కేప్ బ్రెటన్‌లో బొగ్గు గనులు దెబ్బతిని పనులు పోతుంటే, ఆ కార్మికులకు రాయి చెక్కడం, వడ్రంగం నేర్పించి ఈ గోడలు కట్టించారు. ఈ ప్రాజెక్టు పుట్టడానికి పెద్ద కారణమే ఆ నిరుద్యోగం. మరోపక్క, ఈ కోటను చారిత్రక పార్కుగా మార్చడం కోసం ఆ చుట్టుపక్కల ఉన్న కుటుంబాల ఇళ్లూ పొలాలూ ప్రభుత్వం తీసుకుంది. నిజానికి ఈ గోడలకు సంబంధించినంత వరకు అసలు చరిత్ర వీళ్లదే, 1744 సిపాయిది కాదు.

వెళ్తే ఫిరంగి మోత అయ్యాక వెనక్కి తిరక్కండి. కట్టిన వీధులు దాటి ఇంకాస్త నడిస్తే, తిరిగి కట్టని ముప్పావు వంతు పట్నం గడ్డి కింద దిబ్బలుగా ఉంటుంది. అక్కడ ఎవరూ వేషం వేసుకుని ఉండరు. పొగమంచు, సముద్రపు గాలి, కాలికి తగిలే పునాది రాళ్లు, అంతే.