బిర్యానీ మెయిలూ, నా లినక్స్ తాళమూ

సిస్టమ్ లాక్ చేయకుండా చాయ్‌కి పోవడం అనేది సామాజిక సమస్య అని నా గట్టి అభిప్రాయం, దీని మీద అసెంబ్లీలో చర్చ ఎందుకు పెట్టట్లేదో నాకైతే అర్థం కాదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన ఊరు మనది, హ్యాకర్ల గురించి సెమినార్లు పెడతాం, కానీ పక్క సీటువాడి గురించి ఒక్కడూ మాట్లాడడు. నువ్వు లేచిన అర నిమిషంలో నీ మెయిల్ నుంచే "రేపు టీమ్ మొత్తానికి బిర్యానీ నాదే" అని పోతుంది, ఇది ఏ చట్టంలోనూ లేదు గానీ చట్టాలకంటే గట్టిగా అమలవుతుంది. నా పేరు మీద రెండుసార్లు పోయింది. రెండోసారి 14 మంది తిన్నారు, అందులో ఇద్దరు అసలు మా టీమే కాదు.

విండోస్ వాడేవాడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి పోతాడు. లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాడికీ అంతే. నేను మేధావిని కదా, ఐత్రీ వాడతా, అంటే విండోలు సర్దిపెట్టే ఒక బుల్లి ప్రోగ్రామ్. అందులో తాళం ఒకచోట, కాపలావాడు ఇంకోచోట, గడియారం మరోచోట, అన్నీ మనమే తెచ్చుకుని బిగించుకోవాలి. ఐత్రీలాక్ తాళం వేస్తుంది గానీ ఎప్పుడెయ్యాలో దానికి తెలీదు, ఆ కబురు ఎక్స్ఎస్ఎస్-లాక్ మోసుకొస్తుంది, టైమేమో ఎక్స్‌సెట్ చూస్తుంది. మొదట 300 సెకన్లు పెట్టా. 5 నిమిషాలంటే మావాళ్లకి బిర్యానీతో పాటు డబుల్ కా మీఠా కూడా ప్రకటించే టైము. 60కి తగ్గించా, అప్పట్నుంచి ఏ డాక్యుమెంటూ రెండో పేరా దాకా చదివింది లేదు.

తర్వాత మూత సంగతి. లాప్‌టాప్ మూసి మళ్లీ తెరిస్తే, తాళం పడేలోపు నా డెస్క్‌టాప్ ఒక్క క్షణం నిండు దర్శనం ఇచ్చేది. తాళం వేశాను గొళ్లెం మరిచాను అంటారే, అదే. ట్రాన్స్‌ఫర్-స్లీప్-లాక్ అని ఒక ఆప్షన్ ఉంది, పెడితే తాళం పడ్డాకే సిస్టమ్ నిద్రపోతుంది. అది ఐత్రీ వాళ్లిచ్చే కాన్ఫిగ్ ఫైల్లోనే ఉందంట, నేను దాన్ని చెత్త అని మొదటిరోజే డిలీట్ చేశా.

అసలు గమ్మత్తు ఏంటంటే, లినక్స్‌లో తెరమీద విండోలు చూపించే 1987 నాటి ఎక్స్11 అనే వ్యవస్థలో తాళం అనేది నిజంగా తాళం కాదు, అన్నిటి మీదా పరిచిన ఒక పెద్ద విండో, అంతే, దుప్పటి కప్పి బీరువా దాచినట్టు. ఏదైనా మెనూ తెరిచి ఉంటే కీబోర్డు దాని చేతిలో ఉంటుంది కాబట్టి తాళం పడను పొమ్మంటుంది. ఆ తాళం ప్రోగ్రామే క్రాషైతే దుప్పటి జారిపోతుంది. 2021లో లినక్స్ మింట్‌లో ఇద్దరు పిల్లలు కీబోర్డు మీద ఇష్టమొచ్చినట్టు టకటకా కొడితే స్క్రీన్ లాక్ క్రాషై డెస్క్‌టాప్ బయటికొచ్చింది, వాళ్ల నాన్నే రిపోర్ట్ చేశాడు. సెక్యూరిటీ ఆడిట్లకి లక్షలు పోసే బదులు అంగన్‌వాడీకి ఒక లాప్‌టాప్ పంపితే చాలని అప్పట్నుంచీ చెప్తున్నా, ఎవడూ వినడు. ఎక్స్11 బదులుగా వచ్చిన వేలాండ్‌లో మాత్రం దీనికి పద్ధతిగా ప్రోటోకాల్ పెట్టారు, తాళం చచ్చినా తలుపు తెరుచుకోదు. మారదామనే ఉంది, ఈ వీకెండ్, లేదా పై వీకెండ్.

మొత్తానికి ఒక రాత్రంతా కూర్చుని అన్నీ బిగించా. పొద్దున్నే మా ఇంటి గ్రూప్‌లో తెలుగులో ఒక మెసేజ్ కొట్టి, సిస్టమ్ లాక్ చేసి, జేబులో చేతులు పెట్టుకుని ఇరానీ చాయ్‌కి పోయా, అంత ధీమాగా ఎప్పుడూ తాగలేదు. తిరిగొచ్చి పాస్‌వర్డ్ కొడితే తప్పన్నది. మళ్లీ తప్పు. మూడోసారీ తప్పే. నా ఆర్చ్ లినక్స్‌లో మూడు తప్పులైతే 10 నిమిషాలు కరెక్ట్ పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోదు. అవతల డెమోకి మేనేజర్ పిలుస్తున్నాడు, చెమటలు.

"ఎవరన్నా తెరిపించండ్రా, బిర్యానీ నాది" అన్నా. అందరూ వింటుండగా, నా నోటితోనే.

కొత్తగా చేరిన తమ్ముడు వంగి చూసి, "అన్నా, పొద్దున తెలుగుల టైప్ చేసినవ్ కదా, కీబోర్డు ఇంకా తెలుగులనే ఉన్నట్టుంది" అన్నాడు.

ఈసారి 16 మంది.