బానెట్ ఎత్తకుండానే తీర్పు చెప్పేశారు

సంక్రాంతి నుంచి మా భీమవరం వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పండక్కి హైదరాబాదు, బెంగళూరుల నుంచి దిగిన కార్లను చూసి ఎవరికో ఒళ్లు మండి రాసినట్టుంది. స్కూపంటే గాలి లోపలికి రావడానికి బానెట్ మీద ఉబ్బుగా పెట్టే కన్నం. సందేశం సారాంశం ఇది: "స్పోర్ట్స్ కార్ల బానెట్ మీద ఉండే స్కూపు పచ్చి మోసం. ఏ కారులోనూ దానితో పని లేదు. ఇంజనుకు కావలసిన గాలి ముందున్న జాలీ నుంచే అందుతుంది. వేగానికి గాలి దూసుకొచ్చి పవరు పెరుగుతుందన్నది కట్టుకథ. నిజంగా అక్కడ కన్నమే ఉంటే మొదటి వానకే ఇంజను పోతుంది. అంత ఉపయోగం ఉంటే ఫెరారీకి ఎందుకు లేదు?" చివర్లో మామూలే, పదిమందికీ పంపమని. నాకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి పంపినవాడు మా మేనల్లుడు, అదీ తన కారు బానెట్ మీద స్కూపు పెట్టుకుని.

ఆ కోపంలో కొంత న్యాయం ఉంది, దాని సంగతి తర్వాత. ముందు "ఏ కారులోనూ" అన్న మాట చూద్దాం. అసలైన స్కూపునూ అతికించిన స్కూపునూ ఒకే గాటన కట్టేసిన మాట అది.

ఉండి రోడ్డులో నాకు తెలిసిన షెడ్డు ఒకటుంది. మొన్న అక్కడికి వెళ్లేసరికి ఒక రొయ్యల రైతు పాత స్కార్పియో, ఎంహాక్ ఇంజనుది, బానెట్ ఎత్తి ఉంది. స్కార్పియో స్పోర్ట్స్ కారు కాదని నాకూ తెలుసు. కానీ స్కూపు పని చూడాలంటే మన ఊళ్లో ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు. బానెట్ లోపలి వైపు, సరిగ్గా స్కూపు కింద, నల్లటి ప్లాస్టిక్ గొట్టం లాంటి దారి ఉంది. బానెట్ దించితే అది ఇంజను నెత్తిన పడుకోబెట్టిన అల్యూమినియం పెట్టె మీద వచ్చి కూర్చుంటుంది. ఆ పెట్టే ఇంటర్‌కూలర్. దాని సన్నటి రేకుల మధ్య ఇరుక్కున్న వాటిని మెకానిక్ పుల్లతో గీరి నా అరచేతిలో పోశాడు: ధాన్యం ఊక, ఎండిన దోమలు, ఒక సీతాకోకచిలుక రెక్క. "మిల్లుల దారిన తిరిగే బండి కదండీ, అప్పుడప్పుడూ గాలి కొట్టించకపోతే లాగదు" అన్నాడు. స్కూపు ఉత్తుత్తిదైతే ఆ ఊక అక్కడికి ఏ దారిన వెళ్లినట్టు?

ఇంటర్‌కూలర్ ఎందుకంటే, టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. సైకిలు పంపు కొట్టినవాళ్లకు తెలుసు, నొక్కితే గాలి వేడెక్కుతుంది. మన ఎండల్లో టర్బో నుంచి బయటికొచ్చే గాలి గట్టిగా లాగేటప్పుడు వంద డిగ్రీలు సులువుగా దాటుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, లీటరు గాలిలో దొరికే ఆక్సిజన్ తగ్గుతుంది. రొయ్యల చెరువుల వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. వేసవిలో నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ నిలవదని రాత్రంతా ఏరియేటర్లు తిప్పేది వాళ్లే. టర్బో గాలిని ఇంజనులోకి వెళ్లేముందు చల్లబరిచేది ఇంటర్‌కూలర్, దాన్ని చల్లబరిచేది బయటి గాలి. ఇంటర్‌కూలర్‌ను బంపరు వెనక పెడితే జాలీ గాలి చాలు. ఇంజను పైన పెడితే పైనుంచే గాలి రావాలి. "జాలీ నుంచే అందుతుంది" అన్న మాట మొదటి రకానికి నిజం, రెండో రకానికి కాదు.

స్పోర్ట్స్ కారే కావాలంటే సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌ను చూడండి. ఇంజను సిలిండర్లు పడుకుని ఉంటాయి, వాటి పైన ఇంటర్‌కూలర్, దాని పైన స్కూపు. అంతకంటే ముచ్చటైన ఉదాహరణ మినీ కూపర్ ఎస్. 2002లో వచ్చిన తరంలో సూపర్‌చార్జరు (టర్బోలాగే గాలిని నొక్కేది, కానీ ఇంజనే తిప్పేది), ఇంజను పైన ఇంటర్‌కూలర్, దానికి గాలి అందించే స్కూపు ఉండేవి. 2007 నాటికి వచ్చిన తర్వాతి తరంలో టర్బో పెట్టి ఇంటర్‌కూలర్‌ను ముందుకు జరిపారు. స్కూపును మాత్రం అలవాటైన ముఖం పోకూడదని అలాగే ఉంచేశారు, లోపల మూసేసి. పేరు అదే, బయటి రూపం దాదాపు అదే. ఒకదానిలో స్కూపుకు పని ఉంది, రెండోదానిలో లేదు. సందేశం రాసినాయన వీటిని రోడ్డు మీద చూసి తేడా ఎలా కనిపెడతారు?

ఇంజను పైన ఇంటర్‌కూలర్ ఉంటే ఒక ఇబ్బందీ ఉంది, దాచను. రావులపాలెం జంక్షన్‌లో మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు ఆగిపోతే స్కూపులోకి వచ్చే గాలి ఉండదు, కింద నుంచి ఇంజను సెగ మాత్రం తగులుతూనే ఉంటుంది. బండి మళ్లీ కదిలి గాలి ఆడేదాకా ఇంటర్‌కూలర్ కూడా వేడిగానే ఉంటుంది.

ఇక వేగం సంగతి. ఇక్కడ ఆ సందేశం సగం గెలిచింది. "స్కూపు పెడితే 20 హార్స్‌పవర్ పెరుగుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధమే. లెక్క వేస్తే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే అదనపు ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా లేదు. కాలవల భాషలో చెప్పాలంటే ఐదు సెంటీమీటర్ల లోపు నీటి ఎత్తు. 200 వేగంలో సుమారు 19 సెంటీమీటర్లు. టర్బో ఒక బార్ ఒత్తిడి ఇచ్చిందంటే అది పది మీటర్ల నీటి ఎత్తుతో సమానం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి గోదావరి నీటిమట్టం పెంచితేనే మన కాలవలు పారాయి. ఐదు సెంటీమీటర్ల ఎత్తుతో డెల్టా తడిసేది కాదు.

అయితే ఆ ఐదు సెంటీమీటర్లతో సిలిండర్లలోకి గాలి కుక్కడం సాధ్యం కాకపోయినా, ఇంటర్‌కూలర్ రేకుల గుండా గాలిని నడిపించడం సాధ్యమే. పైగా టర్బో లేని ఇంజనుకు కూడా చల్లగాలి ఒక లాభం. బయట 35 డిగ్రీలు, బానెట్ కింద 60 డిగ్రీలు అనుకోండి. బయటి గాలి లోపలి గాలి కంటే దాదాపు 8 శాతం చిక్కన. ఒత్తిడి వల్ల వచ్చే అర శాతం కంటే ఇది ఎంతో ఎక్కువ. పాత అమెరికన్ కార్లలో స్కూపును నేరుగా కార్బురేటర్‌కు, అంటే గాలిలో పెట్రోలు కలిపే భాగానికి, కలిపింది అందుకే. 1969 కామరోకు కోరుకున్నవాళ్లకు ఇచ్చిన ఒక బానెట్‌లో స్కూపు నోరు వెనక్కి, ముందు అద్దం వైపుకి తిరిగి ఉండేది. పొరపాటున తిప్పి బిగించారని నవ్వుతాం గానీ, బానెట్ మీదుగా వచ్చిన గాలి అద్దం మొదట్లో అడ్డం తగిలి అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. నోరు అటు తిప్పింది దానికోసమే. వెనక్కి తిరిగిన కన్నాలన్నీ గాలి పీల్చేవే అనుకోకండి. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ లాంటి కార్లలో అవి లోపలి వేడిని బయటికి వదిలే దారులు, స్కూపులు కావు.

వాన మాట. స్కార్పియోలో, సుబారులో స్కూపు గుండా వచ్చిన నీరు పడేది ఇంటర్‌కూలర్ బయటి రేకుల మీద. ఇంజను పీల్చే గాలి ఆ పెట్టె లోపలి దారిలో, ఎయిర్ ఫిల్టరు దాటి వస్తుంది. ఈ రెండూ కలవవు. పడ్డ నీరు కిందికి కారిపోతుంది. స్కూపు నేరుగా ఇంజనుకు గాలి ఇచ్చే కార్లలో నీరు విడగొట్టే ఏర్పాటు వేరుగా చేస్తారు. 1969 పాంటియాక్ జీటీఓ రామ్ ఎయిర్ మోడల్లో వాన వస్తే స్కూపు మూతలు వేసుకోవడానికి డ్రైవరు దగ్గర ఒక నాబ్ ఉండేది. మనవైపు ఇంజన్లను చంపేది వాన కాదు, వరద. గోదావరి పోటెత్తినప్పుడు లంక గ్రామాల కాజ్‌వేల మీద మోకాలి లోతు నీళ్లలో బండి దింపేస్తారు. హెడ్‌లైటు పక్కనో జాలీ వెనకో ఉన్న గాలి గొట్టం మునిగితే ఇంజను నీళ్లు తాగేస్తుంది. గాలి నలిగినట్టు నీరు నలగదు, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్కూపు లేని కారుకే ఇలా ఎక్కువగా జరగడం చూశాను, ఎందుకంటే రోడ్డు మీద ఎక్కువ ఉన్నవి అవే.

ఫెరారీ ప్రశ్నకు జవాబు చిన్నది. పేరున్న ఫెరారీలు చాలావాటిలో ఇంజను డ్రైవరు వెనక ఉంటుంది. ముందున్న బానెట్ కింద ఉండేది సామాను పెట్టుకునే చోటు. గాలి కన్నాలు కావాలంటే పక్కల చూడండి, ఎఫ్40 ఒంటి నిండా అవే. మెక్‌లారెన్ ఎఫ్1కు నెత్తి మీదే ఉంది.

న్యాయమన్నానే, అది ఇక్కడ. రోడ్డు మీద కనిపించే స్కూపుల్లో అతికించినవి బోలెడు. ఇది మనవాళ్లు కొత్తగా నేర్చిన విద్య కూడా కాదు. 1964లో వచ్చిన మొదటి జీటీఓ బానెట్ మీద ఉన్న రెండు స్కూపులూ మూసినవే. నిజంగా తెరుచుకునే కిట్టు డీలర్ల దగ్గర దొరికింది మరుసటి ఏడాది మోడలుకు. కాకపోతే మూసినదాన్ని చూసి తెరిచినదాన్ని తిట్టడం దేనికి? బానెట్ ఎత్తి, స్కూపు నోట్లో టార్చి వేసి కింద నుంచి చూస్తే ఒక నిమిషంలో తేలిపోతుంది.

మా మేనల్లుడి కారుకు ఆ పరీక్ష పెట్టాను. టార్చి అక్కర్లేకపోయింది. స్కూపు ఒక మూల టేపు ఊడి ఉంది, వేలు పెట్టి లేపితే మొత్తం చేతికొచ్చింది. కింద కన్నం లేదు, రంగు వేసిన రేకు, మధ్యలో కందిరీగ కట్టిన చిన్న మట్టి గూడు. చుట్టూ రంగు ఎండకు వెలిసి, స్కూపు ఉన్నంత మేర మాత్రం కొత్త కారులా మెరుస్తోంది. "మావయ్యా, తీసేస్తే ఈ మచ్చ కనిపిస్తుంది కదా" అని కాసేపు అటూ ఇటూ చూశాడు. గూడు తుడిచేసి, రెండు వరసల టేపు వేసి మళ్లీ అతికించుకున్నాడు.