→ గారికి ఒక విన్నపం

హైదరాబాదు

మహారాజశ్రీ → గారికి,

నమస్కారాలు. తమరిని ఊళ్లో ఒకరు యారో మార్కు అంటారు, ఒకరు బాణం గుర్తంటారు. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక నంబరిచ్చే యూనికోడ్ లెక్కలో తమరి ఇంటి నంబరు 2192. 2190 నుంచి 21ఎఫ్ఎఫ్ దాకా (అక్కడ లెక్క పదుల్లో కాదు, పదహార్లలో) ఆ కాలనీ మొత్తం మీ వంశమే, 112 గడపలు. అంతమంది ఉండగా శుభలేఖ వెనక దారి చూపే పనంతా మీ ఒక్కరి నెత్తినే పడింది. పడితే పడింది, సరిగ్గా చేస్తున్నారా అన్నదే మా బాధ.

"మెహిదీపట్నం → అత్తాపూర్ → ఆరాంఘర్ → ఫంక్షన్ హాలు." చూడ్డానికి ముచ్చటగా ఉంది. మరి మెహిదీపట్నంలో ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలా, కిందనే పిల్లర్ నంబర్లు చూసుకుంటూ పోవాలా? ఆరాంఘర్ చౌరస్తా దాటాలా, దాని ముందే తిరగాలా? "నుంచి", "మీదుగా", "దాటాక", "ముందు" అని నాలుగు మాటలున్న భాషలో నలుగురి జీతం మీరొక్కరే తీసుకుంటున్నారు, పని మాత్రం ఒక్కరిదీ చేయడం లేదు. మెట్రోలోనూ అంతే. "నాగోలు → అమీర్‌పేట → మియాపూర్" అన్నప్పుడు మొదటి బాణానికి సీట్లో కూర్చుంటే చాలు. రెండో బాణానికి దిగి, నీలం లైను వదిలి, ఎర్ర లైను ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి. మీ మొహంలో మాత్రం ఆ తేడా కనిపించదు.

తమరు వేషాలు మార్చడంలో దిట్ట. వర్డ్‌లో రెండు అడ్డగీతలు కొట్టి పక్కన "కంటే పెద్ద" గుర్తు పెడితే టక్కున ప్రత్యక్షమవుతారు. ఆ వచ్చేది మీరు కాదు. అక్షరాల బదులు బొమ్మలు చూపే వింగ్‌డింగ్స్ ఫాంటు తొడుక్కున్న ఒక ఫ్రెంచి "ఏ" అక్షరం, నెత్తిన చిన్న గీతతో. వర్డ్ ఫైల్లో ఉన్నంతసేపు బాణంలాగే నటిస్తుంది. కాపీ చేసి ఫాంటు సంగతి పట్టని చోట అతికించగానే వేషం ఊడిపోతుంది. మెహిదీపట్నానికీ అత్తాపూర్‌కీ మధ్య పారిస్ నుంచి దిగిన అక్షరం కూర్చుంటుంది. అందుకే బాణం పడగానే కంట్రోల్-జెడ్ కొట్టి ఆ మార్పును వెనక్కి తిప్పాలి. మిగిలిన గీతల్నీ గుర్తునీ చెరిపేసి, 2192 అని కొట్టి ఆల్ట్-ఎక్స్ నొక్కితే అసలైన మీరు వస్తారు. అయితే ముందు "పిల్లర్ 143" అని ఉంటే ఖాళీ వదలాలి, లేకపోతే వర్డ్ ఆ 143లోని అంకెలను కూడా కలిపి చదువుకోవచ్చు. ఆల్ట్ పట్టుకుని 26 కొట్టినా వస్తారు, కానీ కుడి పక్క అంకెల గడులున్న కీబోర్డులోనే. పైవరస అంకెలకు మీరు పలకరు. ఫోన్లో అయితే గూగుల్ వారి జీబోర్డు కీబోర్డులో గుర్తుల రెండో పేజీలో ^ టోపీని నొక్కిపట్టాలి.

ఇక డీటీపీ షాపులో మీ పరువు సంగతి. అక్కడ ఇప్పటికీ పాతకాలపు అను తెలుగు ఫాంట్లు, పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను కన్వర్టర్‌లో వేస్తే తెలుగు అక్షరాలు మారతాయి, మీరు మాత్రం ప్రశ్నార్థకమో ఖాళీయో అయి తేలతారు. "మెహిదీపట్నం ? అత్తాపూర్ ?" అని అచ్చయితే అది దారి చూపడమా, దారి అడగడమా?

ఎస్సెమ్మెస్‌లో మీ చేయి మరీ ఖరీదు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి. మీరొక్కరు దూరితే మెసేజ్ మొత్తం 70 అక్షరాల లెక్కలోకి పోతుంది, ముక్కలైతే ముక్కకు 67. 140 అక్షరాల పిలుపు, నిన్నటిదాకా ఒక మెసేజ్, మీ పుణ్యమాని మూడవుతుంది. ఒకేసారి ఎంతోమందికి పంపే బల్క్ మెసేజ్‌ల్లో బిల్లు పడేది ముక్కల లెక్కనే. పెళ్లివారికి మీ ఒక్కరి రాకే పెద్ద కట్నం.

మీ తమ్ముళ్ల గురించి కూడా ఒక మాట. ఊళ్లో సిగ్నళ్లు మూసి యూటర్న్‌లు తెరిచాక ↪ గారికి గిరాకీ పెరిగింది. ఆయన గీత వెంట వేలు పెట్టి చూడండి: ఎడమకు పోయి, ఎడమకే తిరిగి వస్తాడు. మనం ఎడమ పక్కన నడిపేవాళ్లం, అలా తిరిగితే ఎక్కేది ఫుట్‌పాత్. మనకు కావలసింది ↷, సవ్యదిశలో తిరిగేది. పైగా ↪ ఫోన్లో నీలం డబ్బాలో ఎమోజీగా కూర్చోవచ్చు, ↷ ఆ పని చేయడు.

కాబట్టి తమరు సెట్టింగ్స్ → డిస్‌ప్లే → ఫాంట్ సైజు లాంటి చోట్ల హాయిగా ఉండండి. అక్కడ మీ అంత పనిమంతులు లేరు. శుభలేఖ జోలికి మాత్రం రావద్దు.

ఇట్లు,
శుభలేఖల ప్రూఫులు దిద్దేవాళ్లు

తా.క.: వద్దన్నా వస్తారని తెలుసు. లైను చివర ఒంటరిగా నిలబడి కాగితం అంచు అవతలికి చూపించే అలవాటు మీకుంది. అందుకని మీకూ తర్వాతి ఊరికీ మధ్య మామూలు స్పేస్ తీసేసి, వర్డ్‌లో కంట్రోల్-షిఫ్ట్-స్పేస్ కొట్టాం. ఇకపై కింది లైనుకు దిగినా అత్తాపూర్‌ను వెంటబెట్టుకునే దిగాలి.