ఎన్‌షోపింగ్‌కు బదిలీ అయిన కుర్చీ

స్వీడన్ సొంతంగా చివరి యుద్ధం చేసింది 1814లో, నార్వే మీద. అదీ మూడు వారాలు తిరక్కుండానే ముగిసింది. ఆ తర్వాత రెండొందల ఏళ్లు దాటినా ఆ దేశం ఎవరి మీదా దండెత్తలేదు, ఎవరూ దాని మీదికి రాలేదు. మరి అక్కడి జనరల్స్‌కు పొద్దెలా పోతుందని బెంగపెట్టుకునేవాళ్లకు నాదీ హామీ: వాళ్లకు తల దురద పెడితే గోక్కునే తీరిక కూడా లేదు. తమ కుర్చీకి పేరు మార్చుకోవడంలో మునిగి ఉన్నారు.

ఆ కుర్చీ పేరు ఆర్మీ స్టాఫ్ చీఫ్. సైన్యాన్ని నడిపేది ఆయన కాదు. నడిపేవాడికి ఎంతమంది ఉన్నారు, ఏ దారిన పోవాలి, గుర్రాలకు గడ్డి ఎక్కడ దొరుకుతుంది అనే లెక్కలన్నీ చూసేది ఆయన. పెళ్లిలో మేనమామ లాంటివాడన్నమాట. ఊరేగేది పెళ్లికొడుకు, గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కేది మేనమామ.

ఈ మేనమామల వంశం సైన్యానికి దారీ, బసా చూసే క్వార్టర్‌మాస్టర్లతో మొదలైంది. 1658 చలికాలంలో డెన్మార్క్ దీవుల మధ్య సముద్రం గడ్డకట్టింది. స్వీడన్ రాజు పదో చార్లెస్ గుస్తావ్‌కు దాని మీద నడిచి కోపెన్‌హాగెన్ వైపు పోవాలనిపించింది. అప్పటికే చిన్న పాయ దాటేటప్పుడు మంచు పగిలి కొంత గుర్రపు దళం నీళ్లపాలైంది. ఇంకా ముందున్నది పెద్ద పాయ. అది బరువు మోస్తుందో లేదో చూసి రమ్మని క్వార్టర్‌మాస్టర్ శాఖ అధికారి ఎరిక్ డాల్‌బెర్గ్‌ను పంపారు. ఆయన కమిటీ వేయలేదు. మంచు మీదికి వెళ్లాడు, తిరిగి వచ్చాడు, మోస్తుందన్నాడు. సైన్యం ఆ మాట పట్టుకుని నడిచింది. నెల తిరిగేలోపు డెన్మార్క్ రోస్కిల్డేలో సంధికి ఒప్పుకుని స్కోనేతో పాటు చాలా భూమి రాసిచ్చింది. రిపోర్టు తప్పయితే రాసినవాడే ముందుగా మునిగిపోయే ఈ పద్ధతి ఎంత గొప్పదో! ఎందుకో మరి, తర్వాతి కాలంలో ఏ ఆఫీసూ దాన్ని కొనసాగించలేదు.

మేనమామ మాట విననప్పుడు ఏమవుతుందో 1709లో రష్యాతో యుద్ధంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని పోల్టావా దగ్గర తేలింది. క్వార్టర్‌మాస్టర్ జనరల్ ఆక్సెల్ యూలెన్‌క్రూక్ ఈ ముట్టడి మన వల్ల కాదని పన్నెండో చార్లెస్‌కు చెప్పి చూశాడు. రాజు వినలేదు. సైన్యం పోయింది, దానితో పాటే సామ్రాజ్యమూ పోయింది. ఆ యుద్ధం ఏ తేదీన జరిగిందంటే రష్యా లెక్కలో జూన్ 27, స్వీడన్ లెక్కలో జూన్ 28, ఇప్పటి క్యాలెండర్‌లో జూలై 8. ఎందుకంటే స్వీడన్ కొత్త క్యాలెండర్‌కు మెల్లమెల్లగా మారదామని 1700లో ఒక లీపు రోజు ఎగ్గొట్టి, 1704లో, 1708లో ఎగ్గొట్టాల్సినవి మాత్రం యుద్ధం గొడవలో మర్చిపోయింది. ఎటూ చెందని ఆ తేదీలతో పన్నెండేళ్లు గడిపి, 1712లో ఫిబ్రవరికి 30వ తేదీ తగిలించి పాత లెక్కకే చేరుకుంది. పేర్లూ తేదీలూ మార్చి చివరికి మొదటికే రావడం ఆ దేశానికి అప్పటి నుంచీ అలవాటే.

1873లో జనరల్ స్టాఫ్ పెట్టారు. అందులో కలిపినవాళ్లలో మ్యాపులు గీసే దళం కూడా ఉంది. యుద్ధం లేని దేశంలో సైన్యం చేసిన పనుల్లో జనానికి నిజంగా అక్కరకొచ్చింది ఆ మ్యాపులే అనుకుంటాను. పనిలో పనిగా వెట్టెర్న్ సరస్సు ఒడ్డున ఒక కోట సంగతి కూడా చెప్పాలి. శత్రువు వస్తే రాజు, ప్రభుత్వం, ఖజానా అన్నీ పోయి దాక్కోవడానికని కార్ల్స్‌బోర్గ్ కోటను 1819లో మొదలుపెట్టి 1909లో ముగించారు. తొంభై ఏళ్లు! శత్రువు మర్యాదస్తుడు, అంతవరకూ రాలేదు.

1937లో జనరల్ స్టాఫ్‌ను రెండుగా చీల్చారు. మొత్తం రక్షణకు ఒక స్టాఫ్, ఆర్మీకి సొంతంగా ఒక స్టాఫ్. ఆర్మీకి ఒక చీఫ్, ఆయన కింద మన స్టాఫ్ చీఫ్. ప్రపంచ యుద్ధం, ప్రచ్ఛన్న యుద్ధం అన్నీ ఈ ఏర్పాటుతోనే గడిచాయి. యాభై ఏడేళ్లు బోర్డు మారలేదు. ఎందుకంటారా, భయం ఉంది గనక.

ఆ భయం 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే పోయింది. 1994 జూలైలో ఆర్మీ చీఫ్ పదవీ, ఆర్మీ స్టాఫూ రెండూ రద్దు. కానీ కుర్చీని బయట పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆర్మీ చీఫ్ కాస్తా 'ఆర్మీ నాయకత్వ విభాగం అధిపతి' అయ్యాడు. నాలుగేళ్లకు 'ఇన్‌స్పెక్టర్ జనరల్'. ఆ తర్వాత ఉత్త 'ఇన్‌స్పెక్టర్'. ఇన్‌స్పెక్టర్ అంటే మనకు తెలిసిందే కదా, బడికి వచ్చి, రిజిస్టర్ తిరగేసి, కొబ్బరిబోండం తాగి వెళ్లే పెద్దమనిషి. ఆయన తనిఖీ చేయడానికి సైన్యం కూడా మిగలాలి. 2005లో బాల్టిక్ సముద్రం నడిబొడ్డున ఉన్న గోట్‌లాండ్ దీవిలో రెజిమెంటును ఎత్తేశారు. 2010లో నిర్బంధ సైనిక శిక్షణ ఆపేశారు. 2013 కొత్త సంవత్సరానికల్లా సర్వసైన్యాధ్యక్షుడు స్వెర్కెర్ యోరాన్సన్ ఒక ఇంటర్వ్యూలో నిజం చెప్పేశారు: దాడి జరిగితే ఒకచోట, ఒక వారం కాచుకోగలం. ఆ వారంలో ఆదివారం కలిసి ఉందో లేదో ఎవరూ అడిగినట్టు లేదు.

2014లో 'ఆర్మీ చీఫ్' అన్న పేరు తిరిగొచ్చింది. అదే ఏడు రష్యా క్రిమియాను కలిపేసుకుంది. 2017లో నిర్బంధ శిక్షణకు మళ్లీ ఊపిరి పోశారు, 2018లో గోట్‌లాండ్ రెజిమెంటుకు. 2019లో పాతికేళ్ల అజ్ఞాతవాసం ముగించుకుని ఆర్మీ స్టాఫ్ కూడా వచ్చేసింది, దానితో స్టాఫ్ చీఫూ వచ్చాడు. స్టాక్‌హోమ్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే వార్తలు చూడనక్కర్లేదని నా నమ్మకం. ఆ గది తలుపు మీద పేరు చూస్తే చాలు, ఎవరికెంత టెన్షనో తెలిసిపోతుంది.

అయితే ఇప్పుడా తలుపు స్టాక్‌హోమ్‌లో లేదు. అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క బాంబుతో పోతాయని నౌకాదళం స్టాఫ్‌ను ముస్కోకు, వైమానిక దళానిది ఉప్సాలాకు, ఆర్మీది ఎన్‌షోపింగ్‌కు పంపారు. ఈ ఎన్‌షోపింగ్ రాజధానికి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. 'స్వీడన్‌లో అన్నిటికంటే దగ్గరున్న పట్టణం' అని తనకు తానే బిరుదు ఇచ్చుకుంది. దేనికి దగ్గర అని అడగకూడదు. ఏ నట్టుకైనా పట్టేలా మర తిప్పి దవడ జరుపుకునే స్పానర్ ఉంది చూశారా, మన మెకానిక్ షెడ్డులో నూనె మరకలతో మూలన పడి ఉండేది, దానికి 1892లో పేటెంట్ తీసుకున్న యోహాన్ పెట్టెర్ యోహాన్సన్ వర్క్‌షాపు ఈ ఊళ్లోనే. ఈ పదవికి ఇంతకంటే తగిన ఊరు దేశమంతా గాలించినా దొరకదు.

2024 మార్చి 7న స్వీడన్ నాటోలో చేరింది. అక్కడ స్టాఫ్ విభాగాలను పిలిచేది నంబర్లతో. జీ-1 సిబ్బంది, జీ-2 నిఘా, జీ-3 ఆపరేషన్లు, జీ-4 సరఫరా. డాల్‌బెర్గ్ ఇప్పుడుంటే, మంచు చూసి రావడం జీ-2 పనా, జీ-3 పనా అన్నది తేలేలోపు ఏప్రిల్ వచ్చేది.